కొలదివారముల వేగపు పరుగు – దేహమున కలుగు మార్పులు

ప్రతి సంవత్సరము క్రీడోత్సవమునకు మూడు వారములు ముందుగా మన విద్యార్థులు మైదానమునకు వచ్చి, “ఇంత స్వల్పకాలములో ఏమి సాధింపగలమండీ?” అని మమ్ము ప్రశ్నించుచుందురు. కొందరు రెండు వారములు పరుగెత్తి, తూకపు యంత్రముపై నిలిచి, బరువు తగ్గలేదని సాధన మానివేయుదురు. వారి నిరుత్సాహమునకు తగిన కారణము లేదని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

వేగపు పరుగనగా ఉన్న శక్తినంతయు వినియోగించి, సుమారు 30 సెకనులకు మించక పరుగిడుట. మొదటి కొన్ని సెకనులలో కండరములు తమయందు నిలువయున్న క్రియాటిన్ ఫాస్ఫేటును వ్యయము చేయును. పిమ్మట గ్లైకోజన్ అను పదార్థము ప్రాణవాయువు సాయము లేకయే విచ్ఛిన్నమై శక్తి నొసగును. వ్యయమైన క్రియాటిన్ ఫాస్ఫేటు మరల సమకూరుటకు కొన్ని నిమిషములు పట్టును. కావున పరుగునకు పరుగునకు నడుమ విశ్రాంతి సోమరితనము కాదు. అది సాధనలో భాగమే.

2005వ సంవత్సరమున కెనడా దేశపు మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారు ఒక పరిశోధన ప్రకటించిరి. ఎనిమిదిమంది రెండు వారములలో ఆరు దినములు వ్యాయామపు సైకిలును 30 సెకనులపాటు పూర్ణశక్తితో త్రొక్కిరి. దినమునకు నాలుగు మొదలు ఏడు పర్యాయములు. నడుమ నాలుగేసి నిమిషముల విశ్రాంతి. శిక్షణకు పూర్వము ఒక నిర్ణీత శ్రమను సగటున 26 నిమిషములు భరించినవారు, శిక్షణానంతరము 51 నిమిషములు భరింపగలిగిరి. అయితే దేహము గరిష్ఠముగా గ్రహించు ప్రాణవాయువు పరిమాణము మాత్రము పెరుగలేదు. కండరములలో ప్రాణవాయువును వినియోగించు శక్తి పెరిగినది. పరీక్షింపబడినవారు కొద్దిమందియే యైనను, మార్పు కంటికి కానరాని చోట మొదలగునని దీనివలన గ్రహింపవచ్చును.

ఇక హార్మోనుల విషయము. తీవ్రమైన పరుగువలన ఎడ్రినలిన్ వెంటనే అధికమగును. గుండె వేగముగా కొట్టుకొనుటకు అది యొక కారణము. పీయూషగ్రంథినుండి పెరుగుదల హార్మోను కూడ హెచ్చుగా స్రవించును. ఇది విని, పరుగెత్తినచో పొడుగెదుగుదుమని భ్రమపడు బాలురు కలరు. ఆ హెచ్చుదల తాత్కాలికము. కొలదిగంటలలో పూర్వస్థితికి వచ్చును. అంతకంటె విలువైన లాభము, క్రమసాధనవలన కండరములు ఇన్సులినునకు చక్కగా స్పందించుట.

క్రొవ్వు తగ్గుటకు మరికొంత కాలము కావలయును. కెనడాలోనే 2011లో వెలువడిన మరియొక పరిశోధనలో, ఒక జట్టు వారమునకు మూడు దినములు 30 సెకనుల పరుగులు నాలుగు మొదలు ఆరు పర్యాయములును, వేరొక జట్టు 30 మొదలు 60 నిమిషములు నిలుకడగాను పరుగెత్తెను. ఆరు వారములకు మొదటి జట్టువారి క్రొవ్వు నూటికి 12.4 వంతులును, రెండవ జట్టువారిది 5.8 వంతులును తగ్గెను. కండ మాత్రము ఇరువురికిని స్వల్పముగా పెరిగెను. క్రొవ్వు తగ్గి కండ పెరిగినప్పుడు తూకపు యంత్రము ఆ మేలును పూర్తిగా చూపజాలదు. కాని గుండె ఒక నిమిషములో పంపగల గరిష్ఠ రక్తపరిమాణము నిలుకడగా పరుగెత్తినవారియందే పెరిగెను. కావున రెండు విధముల పరుగులును అవసరములే.

ఒకప్పుడు కాలము కలిసివచ్చునని మేము విశ్రాంతిని ఒక నిమిషమునకు కుదించితిమి. ఒక బాలుడు వాంతి చేసికొని కూలబడెను. తప్పు బాలునిది కాదు, మాది. నాటినుండి ముందుగా పది నిమిషములు మెల్లని పరుగు, పిదప నాలుగు వేగపు పరుగులు, నడుమ నాలుగేసి నిమిషముల నడక, దినము విడిచి దినము సాధన — ఇదియే మా పద్ధతి. జ్వరము, ఉబ్బసము, గుండెజబ్బు కలవారు వైద్యుని అనుమతి లేనిదే పాల్గొనరాదు.

విద్యార్థులారా! మీ అభివృద్ధిని తూకముతో కాక గడియారముతో కొలిచికొనుడు. రెండు వారములు స్వల్పమే. కాని వ్యర్థము కాదు.