కొత్త ప్లగ్గు పెట్టించే ముందు

ఇంట్లోకి టీవీ వచ్చింది. పక్కన డిష్ పెట్టె వచ్చింది. సెల్లు చార్జరు ఉండనే ఉంది. గోడకేమో ఒక్కటే ప్లగ్గు. ఏం చేస్తారు? వైర్ల కొసలు కన్నాల్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చుతారు. చాలా ఇళ్లలో ఇదే తంతు.

టీవీకి కరెంటు తక్కువే చాలు. ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే రాడ్డు తగిలిస్తేనే చిక్కు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. రెంటినీ హెచ్చవేస్తే 1,380 వాట్లు. ఆ ప్లగ్గు మోయగలిగింది అంతే. రాడ్డు ఒక్కటే 1,500 వాట్లు ఉంటుంది. వైరు కాగుతుంది, తొడుగు కరుగుతుంది, మంట లేస్తుంది. ఫ్యూజు ఊరికే పోతోందని కొందరు లావు తీగ చుడతారు. ఇంక ఇల్లు కాలినా ఆ ఫ్యూజు పోదు!

ప్లగ్గులో పై పెద్ద కన్నం ఎర్తుది. దాని వెనక ఎర్తు వైరు లేకపోతే అది ఉత్త అలంకారమే.

"తెలిసిన కుర్రాడే వదినా, వందిస్తే బిగిస్తాడు" అంటారు. బల్బు, ఫ్యూజు, పాడైన స్విచ్చి మార్చుకోడానికి లైసెన్సు అక్కర్లేదు. కొత్త పాయింటు వేయడం మాత్రం లైసెన్సున్న కాంట్రాక్టరు పని. 1956 నాటి రూల్సులో ఈ మాట ఉంది. ఇప్పటి రూల్సులోనూ ఉంది. మీటరుకు ముందు నుంచి వైరు లాగితే అది దొంగతనం. 2003 విద్యుత్ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.

రాడ్డుకు, ఇస్త్రీకి 16 ఆంపియర్ల ప్లగ్గు అడగాలి. మెయిను బోర్డు నుంచి దానికి లావు వైరు వేరుగా వేయించాలి.