మలంలో రక్తం, పొట్ట మీద సంచి: పట్టురైతుల ఇళ్లలో మాట్లాడుకోవాల్సిన సంగతి



ఎప్పుడూ ఈ పాఠంలో మల్బరీ తోట గురించో, పురుగుల రోగాల గురించో రాసుకుంటాం. ఈసారి మన ఒంటి గురించి రాస్తున్నాం. పెద్దపేగు క్యాన్సర్ గురించి, ఆ ఆపరేషన్ అయ్యాక పొట్ట మీద సంచి పెట్టుకుని బతికేవాళ్ల గురించి. బెంగళూరు చుట్టుపక్కల మన తెలుగు పట్టురైతుల ఇళ్లలో, చింతామణి, బాగేపల్లి మొదలుకొని హిందూపురం, మడకశిర, కుప్పం దాకా, ఈ మాట ఎవరూ పైకి ఎత్తరు. సిగ్గు. ఆ సిగ్గుతోనే రోగం ముదురుతుంది. ఆ సిగ్గుతోనే ఆపరేషన్ అయి బతికొచ్చిన మనిషి కూడా ఇంట్లో మూలన కూర్చుంటాడు. అందుకే రెండు సంగతులూ ఒకే పాఠంలో పెట్టాం.

1. పురుగుల పెంట చూస్తాం, మనది చూసుకోం

పొద్దున్నే షెడ్డులోకి పోగానే మనం ఏం చూస్తాం? ఆకు తిన్నాయా లేదా, పెంట గట్టిగా ఉందా మెత్తగా ఉందా అని చూస్తాం. పెంట పలచబడినా, గొలుసులాగా అంటుకుని పడినా ఫ్లాచరీ వస్తోందేమోనని అనుమానపడతాం. ఆ రోజే పక్క రైతుకో, టెక్నికల్ ఆఫీసరుకో ఫోన్ చేస్తాం. మరి మన మలంలో రక్తం కనబడితే? "వేడి చేసింది", "మొలలు అయ్యుంటాయి" అనుకుని మజ్జిగ తాగి, నాటు మందు తిని ఊరుకుంటాం. ఏడాది గడిచిపోతుంది.

మలంలో రక్తం పడినవాళ్లలో ఎక్కువమందికి మొలలో, పగుళ్లో ఉంటాయి. అది నిజమే. కానీ పెద్దపేగు క్యాన్సరుకూ, మలాశయం క్యాన్సరుకూ గుర్తు అదే రక్తం. కంటితో చూసి ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. పైగా మొలలు ఉన్న మనిషికి క్యాన్సర్ రాదనే రూలేమీ లేదు, రెండూ ఉండొచ్చు. కాబట్టి పరీక్ష చేయకుండా మొలలని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

ఈ గుర్తులు రెండు మూడు వారాలు దాటి ఉంటే డాక్టరు దగ్గరికి పోవాలి:

- మలంలో రక్తం, లేదా మలం తారులాగా నల్లగా రావడం
- ఎప్పటి అలవాటు మారిపోవడం. కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు నీళ్ల విరేచనాలు
- మలం సన్నగా రావడం
- దొడ్డికి పోయొచ్చినా ఇంకా మిగిలే ఉందనిపించడం
- కారణం లేకుండా బరువు తగ్గడం, కడుపునొప్పి
- రక్తం తగ్గి ఆయాసం, నీరసం. పైకి రక్తం కనబడకుండా లోపలే కారినా ఇలా అవుతుంది

డాక్టరు మొదట చేతికి గ్లౌజు వేసుకుని వేలితో మలద్వారం లోపల చూస్తారు. రెండు నిమిషాల పని. మలాశయంలో కింది భాగాన ఉండే గడ్డలు చాలావరకు ఆ వేలికే తెలిసిపోతాయి. ఆ పరీక్షకు సిగ్గుపడి మందులు మాత్రం రాయించుకుని రావద్దు. అవసరమైతే కొలనోస్కోపీ చేస్తారు. అంటే సన్నని కెమెరా గొట్టంతో పేగు లోపల చూడటం. అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. రోగం ఖాయమా కాదా అనేది ఆ బయాప్సీతోనే తేలుతుంది.

2. ఎవరికి వస్తుంది

2020 లెక్కల ప్రకారం ప్రపంచంలో ఆ ఒక్క ఏడాదే 19 లక్షల మందికి పైగా ఈ క్యాన్సర్ బయటపడింది. 9 లక్షల మందికి పైగా చనిపోయారు. వయసు పెరిగేకొద్దీ వచ్చే అవకాశం పెరుగుతుంది గానీ, ముసలివాళ్లకే వస్తుందనుకోవద్దు. మన దేశంలో ముప్పై, నలభై ఏళ్ల వాళ్లలో కూడా మలాశయం క్యాన్సర్ కనబడుతోంది. 'బ్లాక్ పాంథర్' సినిమా హీరో చాడ్విక్ బోస్‌మన్ 2020లో పెద్దపేగు క్యాన్సరుతో పోయినప్పుడు ఆయన వయసు 43. అమెరికాలో లక్షణాలు ఏమీ లేకపోయినా 45 ఏళ్ల నుంచే పరీక్ష చేయించుకోమని 2021 నుంచి చెబుతున్నారు.

మన దగ్గర ప్రభుత్వం తరఫున ముప్పై దాటినవాళ్లకు చేసే క్యాన్సర్ పరీక్షలు మూడే: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. పెద్దపేగు అందులో లేదు. అంటే ఆశా అక్క ఇంటికొచ్చి దీని గురించి అడుగుతుందని కూర్చుంటే లాభం లేదు. మనమే నోరు తెరిచి అడగాలి. అమ్మానాన్నలకో, తోడబుట్టినవాళ్లకో ఈ రోగం వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. అలాంటివాళ్లు మిగతావాళ్లకంటే ముందే పరీక్ష చేయించుకోవాలి.

పొగ, మందు, ఒళ్లు పెరగడం, మాంసం అతిగా తినడం ఈ రోగాన్ని పెంచుతాయి. రాగిసంగటి, పప్పులు, ఆకుకూరలు, ఒళ్లు వంచి పని చేయడం మేలు చేస్తాయి. అయినా సంగటి తినే రైతుకు రాదని హామీ ఏమీ లేదు.

చాలావరకు ఈ క్యాన్సర్ పేగు లోపల పాలిప్ అనే చిన్న బొడిపెగా మొదలవుతుంది. అది క్యాన్సరుగా మారడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. ఆ లోపు కొలనోస్కోపీలో కనబడితే అక్కడికక్కడే తీసేస్తారు. తొందరగా పోతే ఇంత లాభం ఉంది.

3. స్టోమా అంటే ఏమిటి

గడ్డ ఉన్న పేగు ముక్కను కోసి తీసేశాక, కొందరికి పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి కుడతారు. ఆ నోటిని స్టోమా అంటారు. మలం అందులోంచి వచ్చి, పొట్టకు అంటించిన సంచిలో పడుతుంది. పెద్దపేగుతో చేస్తే కొలోస్టమీ. ఇది ఎక్కువగా ఎడమ పక్క ఉంటుంది, మలం కాస్త గట్టిగా వస్తుంది. చిన్నపేగుతో చేస్తే ఇలియోస్టమీ. ఇది ఎక్కువగా కుడి పక్క, మలం నీళ్లగా వస్తుంది. కొందరికి కొన్ని నెలల తర్వాత స్టోమా మూసేసి పేగును మళ్లీ కలుపుతారు. మలద్వారం దగ్గరి దాకా తీసేసినవాళ్లకు జీవితాంతం ఉంటుంది.

స్టోమా ఎర్రగా, తడిగా, మన పెదవి లోపలి భాగంలాగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు. తుడిచేటప్పుడు చుక్క రక్తం వచ్చినా భయం లేదు. కానీ నల్లగానో, నీలంగానో మారితే, లేదా ఏమీ రాకుండా కడుపు ఉబ్బి వాంతులైతే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఈ సంచి వెనక ఒక అక్కాచెల్లెళ్ల కథ ఉంది. డెన్మార్క్‌లో ఎలీస్ సోరెన్‌సెన్ అనే నర్సు ఉండేది. ఆమె చెల్లెలు థోరాకు స్టోమా ఆపరేషన్ అయింది. ఎక్కడ కారిపోతుందోనని ఆ చెల్లెలు నలుగురిలోకి పోవడమే మానేసింది. అది చూసి 1954లో ఎలీస్ చర్మానికి అంటుకునే ప్లాస్టిక్ సంచి ఆలోచన చేసింది. ఈ రోజు లక్షల మంది వాడే సంచులు దాన్నుంచి వచ్చినవే. అమెరికాలో ఇలియోస్టమీ ఉన్న నార్మా గిల్ అనే ఆమెను 1958లో క్లీవ్‌లాండ్ ఆసుపత్రి డాక్టరు రూపర్ట్ టర్న్‌బుల్ మిగతా రోగులకు నేర్పించే పనిలో పెట్టుకున్నారు. స్టోమా నర్సులనే కొత్త వృత్తి అక్కడే మొదలైంది. మన దేశంలో ముంబైలోని ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కూడా సంచి ఉన్నవాళ్లకు చాలా ఏళ్లుగా తోడుగా నిలుస్తోంది. ఏ డాక్టరు చెప్పినా నమ్మని మాట, చొక్కా ఎత్తి తన సంచి చూపించి "నేను పదేళ్లుగా బతుకుతున్నా" అనే మనిషి చెబితే నమ్ముతాం.

4. పురుగుల ఇంట్లోకి రావచ్చా?

మా రైతు సంఘంలో ఒక పెద్దాయనకు రెండేళ్ల కింద మలాశయం క్యాన్సరుకు ఆపరేషన్ అయింది. సంచి జీవితాంతం ఉంటుందన్నారు. ఇంటికొచ్చాక గూళ్ల మార్కెట్టుకు రావడం మానేశాడు, పెళ్లిళ్లకు మానేశాడు. మేము నలుగురం చూడటానికి పోయాం. చాలాసేపు ఆకు ధర, గూళ్ల రేటు మాట్లాడి, లేచేటప్పుడు అడిగాడు. "ఒరే అబ్బాయిలూ, నేను మళ్లీ పురుగుల ఇంట్లోకి పోవచ్చా? మైల అంటుందా? నా వల్ల పంట పోతే మీ వదిన ఏమైపోవాలి?"

ఇంట్లో ఎవరో అన్న మాట ఆయన మనసులో అలా ఉండిపోయింది. మేము చెప్పింది ఇది. "అన్నా, పాలరోగం వచ్చేది వైరస్ వల్ల. సున్నపురోగం వచ్చేది బూజు వల్ల. షెడ్డు సరిగా కడగకపోతే, రోగం పురుగులను ఏరి పారేయకపోతే వస్తాయి. నీ పొట్ట మీద సంచి వల్ల రావు. మేము షెడ్డులోకి పోయేటప్పుడు ఏం చేస్తామో నువ్వూ అదే చేయి. చేతులు సబ్బుతో కడుక్కో, గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు తడుపుకో, చెప్పులు మార్చుకో." సంచి ఖాళీ చేశాక చేతులు కడుక్కోవడం మామూలుగా దొడ్డికి పోయొచ్చాక కడుక్కోవడం లాంటిదే. వేరే మైల ఏమీ లేదు. క్యాన్సర్ అంటురోగం కాదు. పక్కన కూర్చుంటే, కలిసి తింటే, ఒకే చంద్రిక పట్టుకుంటే రాదు.

ఆయన ఇప్పుడు రెండు పంటలు తీశాడు. ఆకు కోయడం, మేత వేయడం, గూళ్లు ఏరడం అన్నీ చేస్తాడు. ఆకు మోపులు మాత్రం పిల్లలు మోస్తారు.

5. ఇంట్లో తెలుసుకోవాల్సిన పనులు

- స్టోమా చుట్టూ మామూలు నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో ఒత్తి ఆరబెట్టాలి. డెటాల్, బ్లీచింగ్, పసుపు వద్దు. కొబ్బరినూనె, పౌడరు రాస్తే ప్లేటు అంటుకోదు.
- ప్లేటు రంధ్రం స్టోమా కంటే 2, 3 మిల్లీమీటర్లే పెద్దగా ఉండాలి. ఎక్కువ పెద్దగా కోస్తే మలం చర్మానికి తగిలి పుండు పడుతుంది. మొదటి రెండు నెలల్లో స్టోమా చిన్నదవుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ కొలవాలి.
- సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. నిండేదాకా ఆగితే బరువుకు ఊడుతుంది.
- కొత్త సంచులను రేకుల షెడ్డులో, ఎండ తగిలే చోట పెట్టవద్దు. వేడికి జిగురు పాడవుతుంది.
- ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు బరువులు ఎత్తకూడదు. తర్వాత కూడా మోపులు, ఎరువు బస్తాలు ఎత్తే ముందు డాక్టరును అడగాలి. స్టోమా పక్కన హెర్నియా వచ్చే ప్రమాదం ఉంది. బెల్టు కావాలా అనేది కూడా అప్పుడే అడగండి.
- ఇలియోస్టమీ ఉన్నవాళ్లకు ఒంట్లోని నీళ్లు, ఉప్పు ఎక్కువ పోతాయి. వేసవిలో షెడ్డు పని చేసేటప్పుడు దాహం వేసేదాకా ఆగకూడదు. ఓఆర్‌ఎస్ దగ్గర పెట్టుకోవాలి.
- వాడిన సంచిని ఖాళీ చేసి, కాగితంలో చుట్టి, కవరులో కట్టి చెత్త బండికి వేరుగా ఇవ్వాలి. లెట్రిన్‌లో వేస్తే గొట్టం మూసుకుపోతుంది. తోటలో, పురుగుల పెంట గుంతలో వేయవద్దు.

6. ఎక్కడికి పోవాలి, ఖర్చు ఎలా

సిల్క్ బోర్డు జంక్షన్ మనకందరికీ తెలుసు. అక్కడి నుంచి పాత హోసూరు రోడ్డు మీదే మడివాళ దాటి, డైరీ సర్కిల్ దాటి ఊళ్లోకి పోతే కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి వస్తుంది. 1973లో మొదలైన ప్రభుత్వ సంస్థ. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి కూడా మనవాళ్లు చాలామంది వస్తారు. అటు దూరమైతే తిరుపతిలో స్విమ్స్, హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఉన్నాయి. ఆపరేషనుకు ముందే డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి. సంచి కొన్నాళ్లా, జీవితాంతమా? సంచి మార్చడం నేర్పే నర్సు ఉన్నారా? సంచి పెట్టుకుని బతుకుతున్నవాళ్లెవరితోనైనా మాట్లాడించగలరా?

ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంటే కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఖర్చు వస్తుంది. ఆంధ్రవాళ్లకు ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఉంది. కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లుతుందా అని చేరేముందే కౌంటరులో అడగాలి. అసలు ఇబ్బంది ఇంటికొచ్చాక మొదలవుతుంది. నెలనెలా సంచులు కొనుక్కోవడం చాలామందికి చేతి డబ్బే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 రకాల్లో స్టోమా పేరు లేదు, కాబట్టి ఆ పేరుతో సర్టిఫికెట్టూ రాదు.

ఇక్కడే సంఘం పనికొస్తుంది. మా లెక్క ఇది. 20 ఇళ్లు, ఇంటికి పంటకు 80 కిలోల గూళ్లు. కిలోకు ఒక్క రూపాయి పక్కన పెడితే పంటకు 1600 రూపాయలు. ఎవరికీ బరువు కాదు. సంచులు కొనుక్కునే ఇంటికి మాత్రం ఊపిరి ఆడుతుంది. డబ్బు ఇవ్వలేనివాళ్లు ఆకు మోపు మోయొచ్చు, ఆసుపత్రికి తోడు పోవచ్చు, గూళ్లు మార్కెట్టుకు తీసుకుపోవచ్చు.

ఈ వారం చేయాల్సిన పని

ఈ పాఠాన్ని ఇంట్లో ఆడవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు మనకంటే ఎక్కువ దాస్తారు. ఇంట్లో ఎవరికైనా పైన రాసిన గుర్తులు ఉంటే ఈ పంట అయ్యాక చూద్దాం అనుకోకండి. పురుగులు నాలుగో జ్వరం దాటి మేత మీద ఉన్నా సరే, మేత మేము వేస్తాం, మీరు పోయి చూపించుకుని రండి. మీ ఊళ్లో సంచి ఉన్నవాళ్లుంటే, వాళ్లు ఒప్పుకుంటేనే, పేరు గ్రూపులో పెట్టకుండా సంఘం పెద్దలకు విడిగా చెప్పండి. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లకు ధైర్యం చెప్పడానికి వాళ్లను మించినవాళ్లు లేరు.

వచ్చే పాఠంలో వేసవిలో చాకీ పురుగుల సంరక్షణ గురించి రాస్తాం.