పిలుపు వచ్చేలోగా గడువులు చూసుకోండి

ప్రశ్న: సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చింది. ఎయిర్‌లైన్‌కు దరఖాస్తు పెట్టి నెలలైనా ఉలుకూ పలుకూ లేదు. రోజూ ఉస్మానియా లైబ్రరీలో కూర్చుంటున్నాను. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: కబురు రాలేదంటే కాదన్నట్టు కాదు. కొత్త విమానాలొచ్చి, సిమ్యులేటర్లు ఖాళీ అయ్యాకే సంస్థలు బ్యాచ్‌లుగా పిలుస్తాయి. అది మీ చేతిలో లేదు. మెడికల్ సర్టిఫికెట్ మాత్రం మీ చేతిలోనే ఉంది. యువ పైలట్లకు క్లాస్-1 మెడికల్ చెల్లేది 12 నెలలే, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగూ ఏడాదే. పిలుపొచ్చిన రోజుకు ఏ ఒక్కటి గడువు దాటినా అవకాశం చేజారవచ్చు. రేటింగ్ రెన్యువల్ గురించి బేగంపేటలోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీలో వాకబు చేయండి, మీకు దగ్గరే. లైబ్రరీ మానకండి, నావిగేషన్, మెటియరాలజీ మళ్లీ తిరగేయండి. ఆత్రపడి అప్పుచేసి సొంతంగా టైప్ రేటింగ్ (ఒక నిర్దిష్ట రకం విమానం నడిపే అర్హత) మాత్రం వద్దు. ఏ320 చేశాక ఏటీఆర్‌కు పిలుపొస్తే ఆ లక్షలు తిరిగిరావు.