ఆ పాట ఎవరి దగ్గర్నుంచి వచ్చింది?

చిరంజీవి మనవరాలికి,

నాష్‌విల్‌లో చదువుకుంటూ గిటారు కూడా మొదలుపెట్టావని, కంట్రీ పాటల్లో, గాస్పెల్ పాటల్లో ముందు ఏవి పట్టాలో చెప్పమని అడిగావు. గిటారు కార్డులు నేర్పడానికి మీ మాస్టారున్నారు. తాతయ్య చెప్పేది ఒక్కటే. ఏ పాట ఎత్తుకున్నా, అది ఎవరి ఇంట్లో పుట్టింది, ఎవరిని తలుచుకుని పాడారు, ఎవరి చేతుల మీదుగా నీదాకా వచ్చింది అని ముందు ఆరా తియ్యి. అది తెలియకుండా పాడితే ఇవి ఉత్త మూడు కార్డుల పాటలు.

మొదలు కార్టర్ కుటుంబంతో పెట్టు. 1927 వేసవిలో విక్టర్ రికార్డు కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన టెనెస్సీ, వర్జీనియా సరిహద్దులోని బ్రిస్టల్ ఊరికి రికార్డింగు సరంజామా తెచ్చి, చుట్టుపక్కల కొండప్రాంతాల పాటగాళ్లను పిలిచాడు. ఆగస్టు 1న ఎ.పి. కార్టర్, ఆయన భార్య సారా, ఆమె తోడికోడలు మేబెల్ వచ్చారు. మేబెల్ సారాకు వరసకు చెల్లెలు కూడా. వయసు 18, అప్పటికి గర్భవతి. రెండు రోజుల్లో ఆరు పాటలు ఇచ్చారు. కంట్రీ సంగీత చరిత్ర రాసేవాళ్లు ఈనాటికీ ఆ బ్రిస్టల్ రోజుల దగ్గర ఆగకుండా ముందుకు పోరు. జిమ్మీ రోడ్జర్స్ తొలి రికార్డు చేసిందీ అప్పుడే, అక్కడే.

గిటారు నేర్చుకునే పిల్లవి గనక మేబెల్ చేతిని శ్రద్ధగా విను. లావు తీగల మీద బొటనవేలితో పాట వరస పలికిస్తూ, సన్న తీగల మీద వేలితో నడక నిలబెడుతుంది. వరసా నడకా రెండూ ఒక్క చెయ్యే మోస్తుంది. దాన్ని ‘కార్టర్ స్క్రాచ్’ అంటారు. గొంతు వెనక నిలబడే వాద్యాన్ని ఆమె ముందుకు తెచ్చింది. ఆమె వాయించిన గిబ్సన్ ఎల్-5 గిటారు మీ ఊళ్లోనే, కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో ఉంది. తప్పకుండా చూసి రా.

అక్కడితో ఆగకు. ఎ.పి. కార్టర్ పాటల కోసం ఊరూరా తిరిగేటప్పుడు పక్కన లెస్లీ రిడిల్ ఉండేవాడు. నల్లజాతి గిటారిస్టు, సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్నవాడు. ఎ.పి. మాటలు రాసుకుంటే రిడిల్ వరస గుర్తుపెట్టుకుని తిరిగొచ్చాక కార్టర్లకు పాడి వినిపించేవాడు. మేబెల్ వాయింపు మీద కూడా అతని ప్రభావం ఉంది. రికార్డుల మీద మాత్రం అతని పేరు లేదు. 1960లలో జానపద గాయకుడు మైక్ సీగర్ వెతుక్కుంటూ వెళ్లేదాకా లోకం అతన్ని పట్టించుకోలేదు. కార్టర్ పాట ఏది పాడినా రిడిల్‌ను కూడా తలుచుకోవాలని తాతయ్య కోరిక.

ఇప్పుడు కార్టర్ల ‘కెన్ ద సర్కిల్ బి అన్‌బ్రోకెన్’ పాట సంగతి. దీనికి మూలం 1907 నాటి చర్చి కీర్తన. మాటలు ఏడా హాబర్షన్‌వి, వరస చార్లెస్ గేబ్రియల్‌ది. పోయినవాళ్లందరూ పరలోకంలో మళ్లీ కలుస్తారా అని ఆ కీర్తన అందరి తరఫునా అడుగుతుంది. 1935లో కార్టర్లు దాన్ని రికార్డు చేసేసరికి కథ ఒక్క ఇంటికి వచ్చి చేరింది. కిటికీ దగ్గర నిలబడిన బిడ్డ, తల్లిని తీసుకుపోవడానికి వస్తున్న బండి. తల్లిని సాగనంపిన ఏ మనిషికైనా ఆ పాట గుండెలో తగులుతుంది. అది తెలిసినవాళ్లు గొంతు పెంచరు. సారా ఎంత నిబ్బరంగా పాడిందో విను. 1972లో నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ కుర్రాళ్లు ఇదే పాట పేరుతో మూడు ఎల్పీల ఆల్బమ్ తెస్తూ, మేబెల్‌నే పిలిచి పాడించుకున్నారు. పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోవడమంటే అదీ.

గాస్పెల్ వైపు వస్తే థామస్ ఎ. డోర్సీ. ఒకప్పుడు బ్లూస్ గాయని మా రెయినీకి పియానో వాయించినవాడు. 1932 ఆగస్టులో సెయింట్ లూయిస్‌లో ప్రార్థన సభలకు వెళ్లి ఉండగా, షికాగోలో కాన్పులో భార్య నెట్టీ చనిపోయిందని టెలిగ్రామ్ వచ్చింది. పుట్టిన మగబిడ్డ కూడా దక్కలేదు. ఆ దుఃఖంలోంచి ఒక పాత కీర్తన వరసను ఆధారం చేసుకుని ‘టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్’ కట్టాడు. 1968 ఏప్రిల్ 4 సాయంత్రం మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్, ఆ రాత్రి సభలో ఈ పాట వాయించమని వాద్యకారుడు బెన్ బ్రాంచ్‌ను అడిగిన కాసేపటికే తూటాకు కూలిపోయాడు. అంత్యక్రియల్లో దాన్ని గాస్పెల్ గాయని మహాలియా జాక్సన్ పాడింది. డోర్సీ రాసిన ఇంకో పాట ‘పీస్ ఇన్ ద వ్యాలీ’ని 1951లో కంట్రీ గాయకుడు రెడ్ ఫోలీ రికార్డు చేశాడు. 1957 జనవరిలో ఎడ్ సలివన్ టీవీ షోలో ఎల్విస్ దాన్నే పాడాడు. నల్లవాళ్ల చర్చికీ తెల్లవాళ్ల రేడియోకీ మధ్య గోడలున్న రోజుల్లోనే పాటలు ఇలా రాకపోకలు సాగించాయి. కంట్రీ వేరు, గాస్పెల్ వేరు అని ఎవరైనా గట్టిగా వాదిస్తే ఈ ఒక్క పాట వినిపించు.

కంట్రీ గాయకుడు జానీ క్యాష్‌కు గాస్పెల్ పాటలు అమ్మ ఇచ్చిన ఆస్తి. ఆర్కన్సాలోని డైస్‌లో పత్తి చేలల్లో పెరిగాడు. 1944లో రంపపు ప్రమాదంలో అన్న జాక్ పోయాడు. గాస్పెల్ పాడతానని సన్ రికార్డ్స్‌కు వెళితే యజమాని శాం ఫిలిప్స్ ఒప్పుకోలేదు. ఆఖరి రోజుల్లో ఒక్క గిటారు పెట్టుకుని, తల్లి దగ్గరున్న పుస్తకంలోని కీర్తనలు రికార్డు చేశాడు. ఆయన పోయాక 2004లో అవి ‘మై మదర్స్ హిమ్ బుక్’ ఆల్బమ్‌గా వచ్చాయి. ఆ గొంతు అక్కడక్కడా వణుకుతుంది. తాతయ్యకు మాత్రం క్యాష్ రికార్డులన్నిట్లో అదే ఇష్టం.

మన దేశంలో ఈ పాటలు తెలిసిన ఇళ్లలో జిమ్ రీవ్స్ పేరు ముందుంటుంది. 1964లో నాష్‌విల్ దగ్గర విమాన ప్రమాదంలో పోయిన ఆ టెక్సస్ గాయకుణ్ణి ఆంగ్లో ఇండియన్, క్రైస్తవ కుటుంబాలు దశాబ్దాల పాటు క్రిస్మస్‌కు వింటూనే ఉన్నాయి. తాతయ్య తొలిసారి విన్నది కూడా పొరుగింటి రికార్డు ప్లేయర్‌లోనే. ఆ ఇంటావిడ పొద్దున పురుషోత్తమ చౌదరి గారి తెలుగు కీర్తన పాడుకునేది, సాయంత్రం రీవ్స్ రికార్డు పెట్టేది. రెండూ ఆవిడకు దేవుడి పాటలే. ఇప్పుడెక్కడ రీవ్స్ వినిపించినా ఆవిడే కళ్లముందుకొస్తుంది.

ముందు సారా, మేబెల్ రికార్డు పెట్టుకుని ‘సర్కిల్’ నేర్చుకో. బొటనవేలి వరస కుదిరేదాకా నోరు విప్పకు. తర్వాత మహాలియా ‘ప్రెషస్ లార్డ్’ విను, ఆవిడ ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో గమనించు. దాన్ని వెంటనే పాడబోకు, కొన్నాళ్లు ఊరికే విను. రికార్డు చేసిందేదైనా ఉంటే అమ్మమ్మ ఫోనుకు పంపు. మీ మాస్టారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
తాతయ్య