రక్తపోటుకు కట్టడి

ఏటూరునాగారం సమీపంలోని గంగారం వద్ద ఎత్తిపోసిన గోదావరి నీరు భీంఘన్‌పూర్, పులుకుర్తి మీదుగా గొట్టాలలో పయనించి హనుమకొండ జిల్లాలోని ధర్మసాగర్ జలాశయాన్ని చేరుతుంది. దేవాదుల ఎత్తిపోతల పథకపు ఈ దారిలో ఒత్తిడి చాలకపోతే నీరు గట్టెక్కదు. హద్దు మీరితే గొట్టాలు తట్టుకోలేవు. మానవ శరీరంలోనూ ఇట్టి ఏర్పాటే ఉన్నది. గుండె రోజుకు ఇంచుమించు లక్షసార్లు కొట్టుకొని రక్తాన్ని ధమనులలోకి నెడుతుంది. ఆ రక్తం ధమనుల గోడలపై కలిగించే ఒత్తిడే రక్తపోటు. గొట్టం పగిలితే నీరు చిమ్మి ఊరందరికీ తెలుస్తుంది. ధమని మాత్రం ఏళ్ల తరబడి ఏ సవ్వడీ లేకుండా చెడిపోతుంది.

గుండె సంకోచించినప్పుడు 140, వ్యాకోచించినప్పుడు 90 మిల్లీమీటర్ల పాదరస పీడనం, ఈ రెండింటిలో ఏ ఒక్కటైనా ఆ అంకెను చేరినట్లు గాని దాటినట్లు గాని వేర్వేరు రోజులలో తేలితే దానిని అధిక రక్తపోటు అంటారు. నొప్పి ఉండదు, జ్వరం రాదు. కొందరికి పక్షవాతమో గుండెపోటో వచ్చిన నాడే సంగతి బయటపడుతుంది. ఇది పట్టణవాసుల జబ్బని చాలాకాలం భావించారు. ఆ భావన నిజం కాదని గోదావరి ప్రాంతంలోని 45 గ్రామాలలో జరిగిన అధ్యయనం తేల్చింది. 2006లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం అక్కడి మరణాలలో 32 శాతానికి గుండె, రక్తనాళాల వ్యాధులే కారణం.

దీనికి మందులు లేవా అంటే, ఉన్నాయి. అవి ఖరీదైనవీ కావు. చిక్కంతా వాటిని విడువకుండా వాడడంలోనే ఉన్నది. పత్తి ఏరే రోజులలో ఆసుపత్రికి వెళ్లాలంటే కూలి పోతుంది, బస్సు ఖర్చు మీద పడుతుంది. తీరా వెళితే అయిదారు రోజులకు సరిపడే మాత్రలే చేతికి వస్తే మళ్లీ వెళ్లేవారెందరు? పైగా మాత్రలు వేసుకోగానే పోటు అదుపులోకి వస్తుంది. "మంచిగనే ఉన్న గద, ఇంక గోలీలెందుకు?" అన్న మాట అప్పుడే పుడుతుంది. తాము బాగుండడానికి కారణం ఆ గోలీయేనని వారికి తోచదు. మానిన కొద్ది రోజులకే పోటు మళ్లీ పెరుగుతుంది.

2017 నవంబరులో భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం అయిదు రాష్ట్రాలలో మొదలైంది. వాటిలో తెలంగాణ ఒకటి. ఈ కార్యక్రమం కొత్త మందునేదీ కనిపెట్టలేదు. ఏ వైద్యుని వద్దకు వెళ్లినా ఒకే చికిత్సా క్రమం ఉండాలని నిర్ణయించింది. వాడవలసిన మందులు కొద్దిపాటివే కావడంతో వాటిని ముందుగా లెక్కగట్టి నిల్వ ఉంచడం సాధ్యమైంది. రోగికి నెలకు సరిపడే మాత్రలను ఇంటికి దగ్గరి కేంద్రంలోనే ఉచితంగా ఇవ్వడం, పోటును నర్సు కొలిచి నమోదు చేయడం ఇందులోని ఇతర పద్ధతులు. చూడడానికి ఇవి గుమాస్తా పనుల వలె ఉంటాయి గాని, ఫలితమిచ్చినవి ఇవే. 2022 నాటికి 34 లక్షల మందికి పైగా ఈ చికిత్సలో ఉండగా, వారిలో ఇంచుమించు సగం మందికి పోటు అదుపులో ఉన్నది. ఆ సంవత్సరమే ఈ కార్యక్రమానికి ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించింది.

ప్రపంచంలో 2024 నాటికి 140 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అది అదుపులో ఉన్నవారు అయిదుగురిలో ఒకరికి మించి కొద్దిమందే. కెనడా, దక్షిణ కొరియాలు మాత్రం సగం మెట్టు దాటాయి.

రోజుకు అయిదు గ్రాముల కంటె తక్కువ ఉప్పు వాడాలని కూడ ఆ సంస్థ సూచిస్తున్నది. ఆవకాయ మానుమని తెలుగువారికి చెప్పడం తేలిక కాదు. అయినా పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ మూడూ ఒకే విస్తరిలో చేరకుండ చూడవచ్చును.

ఈ విధానంలో ఆరోగ్య కేంద్రపు నమోదు పుస్తకానికి ఎంతో విలువ ఉన్నది. రావలసిన తేదీకి రోగి రాకపోతే ఆ పేరు ఎదుట గడి ఖాళీగా మిగులుతుంది. ధర్మసాగర్ వంటి మండలాలలో ఆ ఖాళీ గడిని చూచి రోగి ఇంటి గడప తొక్కవలసినది ఆశా కార్యకర్త.