తేలే జాతీయ పార్కు: కైబుల్ లామ్‌జావో
మణిపూర్‌లోని బిష్ణుపూర్ జిల్లాలో, లోక్‌తక్ సరస్సుపై ఉన్న ఈ పార్కు ప్రపంచంలోనే ఏకైక తేలియాడే జాతీయ పార్కుగా పేరొందింది. 1977లో జాతీయ పార్కు హోదా వచ్చింది. విస్తీర్ణం సుమారు 40 చ.కి.మీ.

గడ్డి, వేళ్లు, మట్టి దట్టంగా అల్లుకున్న తెప్పలే ఇక్కడి నేల. వీటిని ఫుమ్‌డీలంటారు. మణిపూర్ రాష్ట్ర జంతువైన సాంగాయ్ జింకకు సహజ ఆవాసం ఇదొక్కటే. 1975 లెక్కింపులో కనిపించినవి 14 మాత్రమే!

ఎండాకాలంలో నీరు తగ్గితే ఫుమ్‌డీలు సరస్సు అడుగును తాకి, వేళ్లతో పోషకాలు తీసుకుంటాయి. 1983లో సరస్సు నీటిని నిలిపే ఇథాయ్ బ్యారేజీ వచ్చాక ఏడాదంతా నీరు నిండుగానే ఉంటోంది. దాంతో అడుగు తాకక, పోషకాలందక తెప్పలు పలచబడి జింకల బరువు మోయలేకపోతున్నాయి. సంరక్షణలో అసలు చిక్కు ఇదే, పరీక్షలో అడగదగ్గదీ ఇదే.



గుర్తుంచుకోండి: లోక్‌తక్ 1990లో రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలలు), 1993లో మాంట్రూ రికార్డులో (వాటిలో పర్యావరణ ముప్పు ఎదుర్కొంటున్నవి) చేరింది.