కీళ్లవాతము: ఎక్స్‌రే చెప్పిన సాక్ష్యము

రూమటాయిడ్ అను కీళ్లవాతములో, దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరపడి కీళ్ల లోపలి పలుచని పొరపై దాడి చేయును. ఆ పొర వాచి, దళసరియై, క్రమముగా మృదులాస్థిని, ఎముక అంచులను తినివేయును. వాపు తగ్గవచ్చును గాని, చెడిన ఎముక మునుపటివలె కాజాలదు. కావున మందు పనిచేసినదా యని రోగిని మాత్రమే అడిగిన చాలదు. ఎక్స్‌రే చిత్రమునుగూడ చూడవలెను.

పూర్వము వైద్యులు ఒక మందు నిచ్చి, అది ఫలింపనిచో మరియొకదానికి మారుచుండిరి. ఈలోగా ఎముక చెడుచునే యుండెడిది. మొదటినుండియే మందులు కలిపి యిచ్చిననో? నెదర్లాండ్సు, బెల్జియము దేశములలో జరిగిన 'కోబ్రా' పరీక్ష ఫలితములు 1997లో వెలువడినవి. (విద్యార్థులు పామును తలపవలదు, అది డచ్చి పేరులోని అక్షరముల కూర్పు.)

రోగులు 155 మంది. 79 మందికి సల్ఫసలజీన్ ఒక్కటే యిచ్చిరి. 76 మందికి దానితోపాటు మెథోట్రెక్సేట్, ప్రెడ్నిసొలోన్ గూడ నిచ్చిరి. ప్రెడ్నిసొలోన్‌ను దినమునకు 60 మిల్లీగ్రాములతో ప్రారంభించి, వారమువారము తగ్గించి 7.5కు దించి, 28 వారముల తరువాత మానిపించిరి. మెథోట్రెక్సేట్‌ను 40 వారముల తరువాత. ఒంటిమందు జట్టుకు మిగిలిన మందులకు బదులు ఉత్తి మాత్ర లిచ్చిరి. ఎవరి కేది అందుచున్నదో రోగికిగాని వైద్యునికిగాని తెలియనీయలేదు. తెలిసినచో రోగి నొప్పిని, వైద్యుడు వాపును తక్కువగా లెక్కించు ప్రమాదము గలదు.

మెథోట్రెక్సేట్ మనకు పరాయిది కాదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున రూపొందిన మందులలో నది యొకటి. ఆయన 1948లో గతించిరి. అది కీళ్లకు పనికివచ్చుట తరువాతి సంగతి. ఈ వ్యాధికి దానిని వారమున కొక్కమారే యిత్తురు. పొరపాటున దినదినము మ్రింగిన ప్రాణాపాయము.

28 వారములకు కలిపి పుచ్చుకొన్నవారిలో నూటికి 72 మందికి, ఒంటిమందువారిలో 49 మందికి మేలు కలిగెను. ఎక్కువ మందులు పడవేమో యన్న శంకకు భిన్నముగా, నడుమ మానినవారు మొదటి జట్టులో 6గురే, రెండవదానిలో 23గురు. అయితే ప్రెడ్నిసొలోన్ ఆపిన పిమ్మట వాపు, నొప్పుల విషయమున ఆ ఆధిక్యము నిలువలేదు.

ఇచటనే ఆగినచో శ్రమ వ్యర్థమనిపించును. కాని చేతుల, పాదముల ఎక్స్‌రేలు వేరుగా పలికెను. ఎముక చెడినకొలది పెరుగు అంకెలలో మధ్యస్థ విలువ 56 వారములకు 2, 6. 80 వారములకు 4, 12. రెండు మందులు మానిపించి నెలలు గడచినను కలిపి పుచ్చుకొన్నవారి ఎముకలే తక్కువ చెడినవి. ఆ రోగులనే ఐదేండ్లదాక గమనించి 2002లో ప్రకటించిన లెక్కలలోను వారి కీళ్లు మెల్లగానే చెడుచుండెను.